స్పానరు బిగించిన బ్రేకు

మార్చి 4

వదినగారికి నమస్కారాలు.

ఇన్నేళ్ల తర్వాత ఈ ఉత్తరం ఏమిటని కంగారుపడకండి. ఇక్కడ ఎవరికీ ఏమీ కాలేదు. అసలు ఏమైనా కావడానికి మిగిలింది నేనొక్కణ్ణే, నేను గుండ్రాయిలా ఉన్నాను. చెవులు మాత్రం పూర్తిగా పోయాయి. కుర్రతనంలో అన్న బండి పక్కన నిలబడి, సైలెన్సరు లేని ఆ గొట్టం మోత విన్నందుకు ఇప్పుడు అనుభవిస్తున్నాను. ఎవరైనా వస్తే పలక చేతికిచ్చి రాయమంటాను. ఫోనులో మీరు ఎంత అరిచినా నాకు వినపడదు కాబట్టి కాగితం పట్టుకున్నాను.

లేత్ పని నుంచి రిటైరయ్యాను. మా ఆవిడ పోయాక ఇల్లు బోసిపోయింది. ఆవిడ మంచాన పడ్డప్పుడే మీకు కబురు పంపాను, అందినట్టు లేదు. మీకు ఒంట్లో బాగా లేదేమో అని కూడా అనుకున్నాను. పాప పెళ్లి పిలుపు మాకూ అందలేదు లెండి. మన రెండిళ్ల మధ్య తిరిగే పోస్టుమాన్‌కి మన కుటుంబం మీద ఏదో పాత పగ ఉన్నట్టుంది. ఈ ఉత్తరమైనా మీ చేతికొస్తే వాడి కోపం చల్లారిందనుకుంటాను.

అసలు సంగతి ఇది. నేను అన్న బండిని మళ్లీ కడుతున్నాను. అదే, గుండ్రటి మట్టి ట్రాకు మీద ఎడమ పక్కకే తిరుగుతూ, ఎడమ కాలు నేలకు రాస్తూ పోయే ఆ పోటీ మోటారు సైకిలు. అసలు బండి అన్న ఆఖరి పోటీలోనే తుక్కయింది, ముక్కల్ని పాత ఇనుము వాడికి వేసేశాం. అందుకని అచ్చం దానిలాంటిది ఇంట్లోనే తయారు చేస్తున్నాను. పాల క్యాన్లు మోసి మోసి అలిసిపోయిన ఒక ముసలి బండి ఇంజను దొరికింది. ఒకటే సిలిండరు, అన్న బండికి ఉన్నట్టే. ఇప్పుడు భోజనాల బల్ల మీద ఇంజను, మంచం కింద చక్రాలు, బట్టల తీగ మీద రంగు ఆరుతున్న పెట్రోలు ట్యాంకు. మొన్న ఒక బేరింగు ఊడి రానని మొండికేస్తే ఇంజను కేసును వంటింట్లో పొయ్యి మీద పెట్టి వేడి చేశాను. మా ఆవిడ ఉండి ఉంటే ఇంజనుతో పాటు నన్నూ వీధిలో పెట్టేది.

మీ దగ్గర ఒక ఫొటో ఉండాలి. ఆఖరి పోటీ రోజు పొద్దున ఇంటి ముందు అన్న ఆ బండి మీద కూర్చుంటే, మీరు పని చేసే స్టూడియో ఫొటోగ్రాఫరు వచ్చి తీశాడు. అది కావాలి వదినా. చక్రం పంతొమ్మిది అంగుళాలని నాకు తెలుసు. ఫొటోలో చక్రం ఎంతుందో కొలిస్తే దాన్నిబట్టి మిగతావన్నీ లెక్క కట్టుకుంటాను.

ఇంకో కోరిక కూడా ఉంది. బండి పూర్తయ్యాక మీరొకసారి వచ్చి చూడాలి. అన్న పోయాక మీరు పాపను తీసుకుని ఆ ఊరు వెళ్లారు, మళ్లీ మా గడప తొక్కలేదు. మా ఇల్లు చూస్తే అన్న గుర్తొచ్చి బాధ అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. ఈ బండి కడుతున్నది సగం అందుకే. దీన్ని చూడడానికైనా మీరు వస్తారని.

మీ మరిది,
అన్న పెట్టిన పేరు మీకింకా గుర్తుంటే, స్పానరు


మార్చి 15

మరిదికి,

నీ ఉత్తరం అందింది. పోస్టుమాన్ మంచివాడే. అతన్ని ఏమీ అనకు.

ఫొటో అసలుది ఇవ్వను. దాన్నుంచి తీయించిన పెద్ద ప్రింటు పంపుతున్నాను, మడవకుండా అట్టల మధ్య పెట్టాను. స్టూడియోలో నేను చేసిన ఉద్యోగమల్లా ఊళ్లోవాళ్ల మొహాలకు మెరుగులు దిద్దడమే. మచ్చలు చెరిపాను, రాలిపోయిన జుట్టు మొలిపించాను, బోసి నోళ్లకు పళ్లు పెట్టాను. ఈ ఒక్క ఫొటో మీద మాత్రం కుంచె పెట్టలేదు. ఉన్నది ఉన్నట్టే ఉంది. భూతద్దం పట్టుకుని చూడు. ఆ రోజు ఆ బండికి ఏమేమి ఉన్నాయో, ఏది లేదో చక్కగా కనపడుతుంది.

నా కళ్లు ముందులా లేవు. అయినా ఆ ఫొటోలో ప్రతి మర ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్పగలను.

రావడం సంగతి ఇప్పుడు ఏమీ చెప్పలేను. మళ్లీ కడుతున్నావు కాబట్టి ఒక్క మాట. ఈసారైనా అన్నీ బిగించు.

వదిన


ఏప్రిల్ 2

వదినగారికి నమస్కారాలు.

మీ చేతిరాత చూసి ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఈసారైనా అన్నీ బిగించు అన్నారు చూశారా, అచ్చం అన్న ఆట పట్టించినట్టే ఉంది. ఆ ముక్క ఇంకో పలక మీద పెద్దక్షరాలతో రాసి గోడకు తగిలించాను. వచ్చినవాళ్లందరికీ చూపించి, మా వదిన హుకుం ఇది అని చెబుతున్నాను.

వచ్చినవాళ్లంటే ఎవరో కాదు, పొడుగాయన. అన్నతో పోటీ పడినవాళ్లలో మిగిలింది ఆయనొక్కడే అనుకుంటాను. అప్పట్లో గుమ్మంలోంచి వంగి రావాల్సినంత పొడుగు. ఇప్పుడు కర్ర పట్టుకుని, వంగాల్సిన పని లేకుండానే వస్తున్నాడు. రోజూ సాయంత్రం కుర్చీలో కూర్చుని నా పనికి వంకలు పెట్టడమే ఆయన పని. హ్యాండిలు ఇంకా వెడల్పుండాలంటాడు, ట్యాంకు మరీ పొట్ట పెట్టిందంటాడు. చాలాసార్లు ఆయన మాటే కరెక్టవుతుంది, అదే నా ఏడుపు.

ఫ్రేము తయారవుతోంది. ఇనుప గొట్టం ఊరికే వంచితే నొక్కుకుపోతుంది కాబట్టి లోపల ఇసుక దట్టించి, ఎర్రగా కాల్చి వంచుతున్నాను. వాకిట్లో ఆ మంట చూసి పక్కింటివాళ్లు నాకు మతి పోయిందనుకున్నారు. వాళ్ల అనుమానం ఇంకా పూర్తిగా తీరలేదు.

మీరు చెప్పినట్టే భూతద్దం పెట్టి చూశాను. నిజమే వదినా, అన్నీ కనపడుతున్నాయి. వెనక చక్రం చూడండి, బ్రేకు లేకుండా బోసిగా ఎంత అందంగా ఉందో. ఈ చక్రం దగ్గరే నాకు చుక్కలు కనపడ్డాయి. బజారులో దొరికే చక్రాలన్నిటికీ బ్రేకు డ్రమ్ము కలిసే వస్తుంది. చివరికి ఒకటి తెచ్చి, తెలిసినవాళ్ల లేత్ మీద పెట్టి డ్రమ్ము మొత్తం కోసి పారేశాను. బ్రేకు పెడలు, దాని కడ్డీ, ఆ గోలంతా లేదు కాబట్టి సగం శ్రమ తప్పింది. అన్న బండికి లేనిది దీనికెందుకు? ఫొటోలో ఎలా ఉందో అలాగే ఉండాలి.

జులై మొదట్లో ఇక్కడి మైదానంలో పాత పోటీ బళ్ల ప్రదర్శన పెడుతున్నారు. అసలుకు దగ్గరగా ఉన్నవాటిని వరసలో నిలబెడతారట. పొడుగాయన నా చేత పేరు ఇప్పించాడు. మీరూ పాపా తప్పకుండా రావాలి. అన్న బండి నంబరే వేస్తున్నాను. ఆ రోజు మీరు పక్కన ఉంటే చాలు, ఇంకేమీ అక్కర్లేదు.

మీ స్పానరు


ఏప్రిల్ 14

మరిదికి,

నీ ఉత్తరం పదిసార్లు చదివాను. చదివిన ప్రతిసారీ, ఆ వాక్యం నేనే తప్పుగా చదివానేమో అనుకున్నాను. అందంగా ఉందా? బ్రేకు లేకుండా బోసిగా ఉన్న ఆ చక్రం నీ కంటికి అందంగా ఉందా? సగం శ్రమ తప్పిందా?

నేను ఇంతకాలం నోరు మూసుకున్నది నీ మీద దయతోనే. నీకు తెలుసు, లోపల కుమిలిపోతున్నావు, చెప్పుకోలేకపోతున్నావు అనుకున్నాను. కుమిలిపోయేవాడు ఇలా రాస్తాడా?

విను. మీ అన్న నన్ను ఒక్క పోటీకి కూడా రానిచ్చేవాడు కాదు. దుమ్ము, మోత, నువ్వు చూడలేవు అనేవాడు. పోటీ ముందు రోజు రాత్రి నాకు చేతులు వణికేవి. పడితే ఎలా, ఆగకపోతే ఎలా అని అడిగేదాన్ని. ప్రతిసారీ ఆయన ఒకటే మాట చెప్పేవాడు. "బ్రేకు ఉందిగా. స్పానరే స్వయంగా బిగించాడు. వాడు బిగించిన బ్రేకు ఏనుగును కూడా ఆపుతుంది. నువ్వు పడుకో." ఆ మాట పట్టుకుని నేను పడుకునేదాన్ని. నీ పేరు మీద, నీ పని మీద అంత నమ్మకం ఆయనకు.

ఆ రోజు ఆస్పత్రి వరండాలో ఎవరో అంటుంటే విన్నాను. "బ్రేకు లేని బండి కదా, ఇంకేమవుతుంది" అని. అప్పుడు అర్థం కాలేదు. తర్వాత ఫొటో కడిగి ఇచ్చారు. స్టూడియోలో నా బల్ల మీదే, నా భూతద్దంతోనే చూశాను. పెడలు లేదు. డ్రమ్ము లేదు. మన ఇంట్లో రోజూ తిరిగే బండికి ఉన్నవి దీనికి లేవు. ఆ రోజు నువ్వు తొందరలో మర్చిపోయావు. మీ అన్న నిన్ను నమ్మి చూసుకోకుండా ఎక్కాడు.

నీ భార్య మంచాన పడిందన్న కబురు కూడా అందింది. పాప పెళ్లి పిలుపు నేనే పంపలేదు. మీ ఆవిడ కబురు వచ్చిన రోజు మాత్రం సంచీ సర్దుకుని బస్టాండు దాకా వెళ్లాను. ఆవిడ నాకు ఏ పాపమూ చేయలేదు. కానీ అక్కడికి వస్తే నీ మొహం చూడాలి. బస్సు వెళ్లిపోయింది, నేను ఇంటికి వచ్చేశాను.

వంకరటింకర మాటలు వద్దు. బ్రేకు బిగించడం మర్చిపోయావా, లేదా? అది చెప్పు.

వదిన


మే 6

వదినగారికి,

జవాబు ఆలస్యమైంది. రెండు మూడుసార్లు రాయబోయి మానేశాను.

అన్న మీతో అలా చెప్పేవాడని నాకు తెలియదు. ప్రతి పోటీకి ముందూ చెప్పేవాడా? నా పేరు పెట్టే చెప్పేవాడా? ఏనుగు మాట కూడా ఆయనదేనా? ఆయనదే అయి ఉంటుంది. అలాంటి మాటలు ఆయనకే వచ్చు.

సరే వదినా. అవును. మర్చిపోయాను.

ఇంతకంటే ఏమీ రాయలేను, ఏమీ అడక్కండి. బండి మీద దుప్పటి కప్పేశాను.

మరిది


మే 15

స్పానరుకు,

ఈ పేరు కలంతో రాసి ఎన్నాళ్లయిందో. రాసి కాసేపు అలాగే చూస్తూ కూర్చున్నాను.

నీ ఉత్తరం పట్టుకుని గట్టిగా ఏడ్చాను. పాప వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది, ఎవరు పోయారమ్మా అని. ఎవరూ పోలేదే, మీ బాబాయి ఒక్క మాట చెప్పాడు అన్నాను. నాకు కావలసింది ఆ ఒక్క మాటే. నువ్వు ఆ రోజే నా దగ్గరకొచ్చి, వదినా మర్చిపోయాను అని ఉంటే రెండు తిట్లు తిట్టి, ఇద్దరం కలిసి ఏడ్చేవాళ్లం. మనిషన్నాక మర్చిపోడా? నేనొకసారి ఒక పెళ్లికొడుకు ఫొటోకి మీసం చెరిపేసి, మళ్లీ పెట్టడం మర్చిపోయాను. నా మరుపుకి ఒక మీసం పోయింది, నీ మరుపుకి మీ అన్న పోయాడు. ఎవరి రాత వాళ్లది.

మీ ఆవిడ సంగతి తలుచుకుంటే మాత్రం నా మీద నాకే కోపం వస్తోంది. అది వచ్చాక ఎదురుగా కూర్చుని మాట్లాడుకుందాం.

వస్తాను. నీ ఇంటికి వస్తాను, నాలుగు రోజులు ఉంటాను. కానీ ఆ దుప్పటి తీసి, బండికి బ్రేకు పెట్టు. ఫొటోలో లేదని నాకు చెప్పకు. ఫొటోలో ఉన్నది జరిగిపోయింది. మీ అన్న ఉందనుకున్న బ్రేకు ఈ బండికైనా ఉండాలి. వచ్చి నా కాలితో తొక్కి చూస్తాను. చక్రం ఆగితే నా మనసు కుదుటపడుతుంది.

వేళకి తింటున్నావా? ఇంజను దించి, ఆ బల్ల మీద కంచం పెట్టుకో.

నీ వదిన


జూన్ 20

వదినగారికి నమస్కారాలు.

మీరు వస్తాననగానే ఇల్లు కడిగాను. భోజనాల బల్ల మీద మరకలు పోలేదు, దుప్పటి పరిచాను. పక్క గది మీకు. కిటికీ రెక్క బిగుసుకుపోతే రందాతో చెక్క కాస్త గీసి సరిచేశాను.

బ్రేకు పెట్టాను. కోసి పారేసిన డ్రమ్ము మళ్లీ రాదు కాబట్టి ఇంకో చక్రం తెచ్చాను. పెడలు నిలబడ్డానికి ఫ్రేముకు ఒక పట్టీ అతకాలి. రంగు కూడా వేసేసిన ఫ్రేము, దాన్ని గోకి, మళ్లీ మంట పెట్టి అతికాను. కొత్త రంగు పాత రంగుతో కలవలేదు, కొంచెం మచ్చలా ఉంది. మీరైతే కుంచెతో సరిచేసేవారు. పెడలు తొక్కితే చక్రం టక్కున ఆగుతోంది. మీ కాలికి అందేలా కాస్త కిందికి పెట్టాను.

పొడుగాయన రావడం మానేశాడు. పెడలు చూసి, కర్రతో నేల మీద కొట్టి ఏదో అరిచాడు. పలక ఇస్తే రాయనని తోసేశాడు. పెద్దాయన, మొండితనం ఎక్కువ. ఆయన సంగతి మీరు పట్టించుకోకండి.

ఒక్క మాట చెప్పాలి. జులై 5న ప్రదర్శన. పేరు ఇచ్చాను కాబట్టి బండి తీసుకెళ్లక తప్పదు. మీరు మాత్రం అక్కడికి రావద్దు. ముందు రమ్మన్నది నేనే, ఇప్పుడు వద్దంటున్నదీ నేనే, ఏమీ అనుకోకండి. ఎండ, దుమ్ము, కూర్చోడానికి చోటుండదు. పైగా పాత రేసర్లు చేరతారు, నోటికొచ్చినట్టు మాట్లాడతారు. ఆ మాటలు మీ చెవిన పడడం నాకిష్టం లేదు. అది అయిపోయాక, 10వ తేదీన నేరుగా ఇంటికి రండి. నేను బస్టాండులో ఉంటాను. నాకు వినపడదు కాబట్టి వెనకనుంచి పిలవకండి, ఎదురుగా రండి.

మీ స్పానరు


జులై 6

మరిదికి,

10వ తేదీన బస్టాండుకు రావద్దు. నేను రావడం లేదు.

నేను మైదానానికి వచ్చాను. రావద్దని అంతగా రాశావు కదా, వాళ్లంతా కలిసి బ్రేకు మర్చిపోయినవాడివని నిన్ను వేలెత్తి చూపిస్తారని భయపడుతున్నావనుకున్నాను. ఒక్కడివే నిలబడి మాటలు పడతావని నాకు మనసు ఆగలేదు. ఈ ఇంటి మనిషి ఒకరు నీ పక్కన ఉండాలని, పాపను వెంటబెట్టుకుని పొద్దున బస్సుకే బయల్దేరాను.

బళ్లన్నీ వరసగా నిలబెట్టి ఉన్నాయి. నీ బండి కోసం వెతుకుతూ ఒక్కొక్కటీ చూసుకుంటూ వచ్చాను. మొదటిదానికి బ్రేకు లేదు. పాపం, వీళ్లూ మర్చిపోయారేమో అనుకున్నాను. రెండోదానికీ లేదు. ఆ పక్కదానికీ లేదు. చివరిదాకా వెళ్లాను. బండి తుడుస్తున్న ఒకతన్ని అడిగాను, దీనికి బ్రేకేది బాబూ అని. అతను నవ్వాడు. "వీటికి బ్రేకులుండవమ్మా. ఆ రోజుల్లో బ్రేకుంటే పోటీలోకే రానిచ్చేవారు కాదు. ముందున్నవాడు బ్రేకు తొక్కితే వెనకున్నోళ్లంతా వాడి మీద పడి చస్తారు కదా" అన్నాడు. ఎంత మామూలుగా చెప్పాడో. ఇది తెలియనివాళ్లు కూడా ఉంటారా అన్నట్టు చూశాడు.

నీ బండి ఆ వరసలో లేదు. విడిగా, కంచె పక్కన పెట్టించారు. చుట్టూ పదిమంది మూగారు. ఒకడు పెడలు చూపించి, "ఇదేంట్రా, పోటీ బండికి బ్రేకు పెట్టాడు ముసలోడు" అన్నాడు. ఇంకొకడు, "ఎవరి బండికి నకలో గానీ, ఆ పోయినాయన చూస్తే మళ్లీ పోతాడు" అన్నాడు. అందరూ నవ్వారు. నువ్వు మధ్యలో నిలబడి తలాడిస్తూ, నవ్వుతూ, గుడ్డతో ఆ పెడలే తుడుస్తున్నావు. మెచ్చుకుంటున్నారనుకున్నావు కాబోలు. నీకు వినపడలేదు, నాకు ప్రతి ముక్కా వినపడింది. నేను నీ వెనకాలే ఉన్నాను. ముందుకు రాలేకపోయాను. పాప నన్ను పట్టుకుని నడిపించుకుంటూ తీసుకొచ్చేసింది.

బిగించని బ్రేకును బిగించాడని మీ అన్న చెప్పాడు. మర్చిపోని బ్రేకును మర్చిపోయానని నువ్వు చెప్పావు. నన్ను ఏమనుకున్నారు మీ అన్నదమ్ములు? మీ అన్నతో పోట్లాడదామంటే మనిషి లేడు. ఫొటో గోడ మీంచి దించి బీరువాలో పడేశాను.

నీ మీద కోపం తప్ప మీ ఆవిడను ఆఖరిసారి చూడడానికి రాకపోవడానికి నాకు ఇంకో కారణం లేదు. ఇప్పుడు అది కూడా లేదు. ఆ బస్టాండులో నేను ఎందుకు వెనక్కి తిరిగానో ఎవరికి చెప్పుకోను?

ఎందుకు అవునన్నావు?

వదిన


జులై 18

వదినగారికి,

అతను చెప్పింది నిజమే. ఆ పోటీ బళ్లకు ఎవరికీ బ్రేకులుండవు. ఆక్సిలరేటరు వదిలి, కాలు నేలకు రాసి ఆపుకోవడమే. అది మీకు తెలుసనే నేను ఇన్నేళ్లూ అనుకున్నాను. అందుకే ముందు వెనకా చూసుకోకుండా అందం, చందం అని రాసేశాను.

ఆ రోజు దుమ్ము లేవకుండా ట్రాకు మీద చల్లే నీళ్లు ఎక్కువ చల్లారు. మలుపులో ముందు చక్రం జారింది, బండి వెళ్లి కంచెకు కొట్టుకుంది. బ్రేకు ఉన్నా అదే జరిగేది. నేను గేటు దగ్గర ఉన్నాను. పరుగెత్తుకెళ్లేసరికి అన్నకు స్పృహ లేదు. ఇంతే, ఇందులో దాచింది ఏమీ లేదు.

ఎందుకు అవునన్నావని అడిగారు. మీకు మిగిలింది అన్న ఒక్కడే. పోయిన మనిషైనా మీకు ఆయనే తోడు. మీ ఉత్తరం చదివాక నాకు అర్థమైంది, నేను కాదంటే ఆయన అబద్ధమాడినట్టు అవుతుంది. నా మీద మీ కోపం ఎలాగూ పాతదే, దానితో మీకూ నాకూ అలవాటైపోయింది. కొత్తగా అన్న మీద ఎందుకు అనుకున్నాను. అంతకంటే గొప్ప ఆలోచన ఏమీ లేదు. మీరు ఒకసారి ఇంటికి వస్తారన్న ఆశ కూడా ఉంది, లేదనను.

మైదానంలో వాళ్లు నవ్వుతున్నారని నాకు తెలుసు వదినా. చెవులు పోయాయి గానీ కళ్లు పోలేదు. మీకు తొక్కి చూపించాక తీసేద్దాంలే, ఈలోగా నవ్వుకోనీ అనుకున్నాను. మీరు వెనకే ఉన్నారని తెలిస్తే మాత్రం ఆ పెడలు మీద గుడ్డ కప్పేవాణ్ణి.

మా ఆవిడ సంగతి కూడా ఇక దాచను. ఆఖరి రోజుల్లో మిమ్మల్ని అడిగింది. అక్క రాలేదా అని రెండుసార్లు అడిగింది. బస్సు దొరకలేదేమో అన్నాను. మీరు బస్టాండు దాకా వచ్చారని రాసినప్పుడు, నేను చెప్పింది మరీ అబద్ధం కాదని కాస్త ఊరట కలిగింది.

అన్న మీద కోపం పెట్టుకోకండి. నేనైనా భార్య చేతులు వణుకుతుంటే అదే చెప్పేవాణ్ణి. ఆ మాట వల్లే కదా ఆ రాత్రులు మీరు హాయిగా నిద్రపోయారు. అందుకోసమైనా ఆయన్ని క్షమించండి.

మీ మరిది


జులై 27

మరిదికి,

నన్ను రమ్మని మళ్లీ అడగకు. అడిగితే వచ్చేస్తాను. వచ్చి, రెండుసార్లు అక్క రాలేదా అని అడిగిన మనిషి ఇంట్లో ఏ మొహం పెట్టుకుని కూర్చోను? ఆ ధైర్యం వచ్చిన రోజు నేనే చెప్పకుండా వస్తాను. రాకపోతే, రాలేదని అనుకో.

హాయిగా నిద్రపోయానని రాశావు. అది చదివి చాలాసేపు నవ్వొచ్చింది, తర్వాత నవ్వు రాలేదు.

పడుకునేదాన్ని, అంతే. నిద్ర ఎక్కడిది? నేను మేలుకుని ఉంటే ఆయనా మేలుకుంటాడు, నిద్ర లేని మనిషి పొద్దున ఆ బండి ఎక్కితే ఏమవుతుందోనని కళ్లు మూసుకునేదాన్ని. నమ్మాలని చిన్నగా గురక కూడా పెట్టేదాన్ని. ఆయన వంగి నా మొహం చూసేవాడు. నిద్రపోయాననుకుని, చప్పుడు కాకుండా లేచి వెళ్లి కిటికీ దగ్గర కూర్చునేవాడు. తెల్లారేదాకా అక్కడే. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, ఒకదాన్ని ఇంకొకటి గట్టిగా పట్టుకుని కూర్చునేవాడు. నేను అరకన్నుతో చూస్తూ పడుకునేదాన్ని. నేను మేలుకున్నానని తెలిస్తే సిగ్గుపడతాడని కదలలేదు.

ఆయనకూ భయమేసేది, స్పానరూ. నేను ఒక్క రాత్రి లేచి వెళ్లి పక్కన కూర్చుని ఉంటే, బ్రేకు లేదని ఆయనే నాకు చెప్పేవాడు.

నీ వదిన